గాలిలో చక్రం వెనక్కి ఎందుకు తిరిగింది?

భీమిలిలో మా మావయ్య ఇంటి పెరట్లో, బాదం చెట్టు కింద ఒక పాత జీపు ఉండేది. మావయ్య బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఏదో ప్రభుత్వ శాఖ పాత బళ్లను వేలం వేస్తే దాన్ని కొన్నాడు. కొన్నాళ్లు పాడేరు ఘాటు రోడ్డు మీద తిప్పాడు. తరవాత పదకొండేళ్లు అది కదలలేదు. కోళ్లు దాని సీటు కింద గుడ్లు పెట్టేవి.

కిందటి వేసవి సెలవుల్లో దాన్ని బాగు చెయ్యాలని మావయ్య నడుం కట్టాడు. సాయానికి నేనూ, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ వెళ్లాం. టైర్లకు గాలి కొట్టి, నలుగురం కలిసి జీపును చెట్టు కిందనుంచి పెరడు మధ్యకు తోశాం. ఆ పెరడు సముద్రం వైపుకు కొంచెం వాలుగా ఉంటుంది. అందుకని మావయ్య హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, "ఇప్పుడు తొయ్యండి చూద్దాం" అన్నాడు. తోశాం. అంగుళం కూడా కదలలేదు. బ్రేకు భేషుగ్గా ఉందనుకున్నాం.

మర్నాడు పొద్దున్న వెనక ఎడమ చక్రం విప్పాలి. మావయ్య చెక్క దిమ్మలు తేవడానికి లోపలికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగలేక నేను జాకీ పెట్టి తిప్పాను. చక్రం నేలనుంచి బెత్తెడు లేచిందో లేదో, జీపు మెల్లిగా ముందుకు కదిలింది! అర మీటరు దొర్లింది. జాకీ పక్కకు పడిపోయింది. జీపు ధబేలున నేలకు దిగింది. చక్రం ఇంకా విప్పలేదు కనక టైరు మీదే కూర్చుంది. దాని కింద ఎవరూ లేరు కనక ఈ కథ మీకు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

"హ్యాండ్ బ్రేకు వేసే ఉంది కదా! ఎలా కదిలింది?" అన్నాను తెల్లబోయి.

"నాన్నా, ఇంకో సంగతి చూశావా? జీపు ముందుకు వెళుతుంటే గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరిగింది" అంది మా అమ్మాయి.

"నీ భ్రమ" అన్నాను.

అప్పుడే దిమ్మలతో వచ్చిన మావయ్య నావంక కోపంగా చూసి, "భ్రమ కాదురా. అమ్మడు సరిగ్గానే చూసింది. జవాబు అదుగో, వెనక ఇరుసు మధ్యనున్న ఆ ఇనప బొడిపెలో ఉంది. దాన్ని విప్పిన రోజున చెబుతాను. అంతదాకా ఆలోచించుకోండి" అన్నాడు.

మీరు కూడా ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా జీపు సంగతులు కొన్ని తెలుసుకుందాం.

జీపు ఎలా పుట్టింది?

1940లో అమెరికా సైన్యానికి ఒక చిన్న బండి కావలసి వచ్చింది. అది తేలిగ్గా ఉండాలి, దారి లేని చోట నడవాలి, నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరగాలి. 135 కంపెనీలకు కబురు వెళ్లింది. నమూనా బండి తయారీకి ఇచ్చిన గడువు 49 రోజులు మాత్రమే! బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒప్పుకుంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో నక్షాలు గీశాడు. 1940 సెప్టెంబరు 23న, గడువు ముగిసే రోునే, బండి సైన్యానికి చేరింది. తరవాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి.

మన దేశంలో 1940ల చివర్లో బొంబాయిలోని మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి ఇక్కడే బిగించడం మొదలుపెట్టింది. ఆ తరవాత జీపులు ఇక్కడే తయారయ్యాయి. మావయ్య జీపు 'సీజే-3బి' అనే రకం. 1953లో వచ్చిన ఈ రకానికి బానెట్టు ఎత్తుగా ఉంటుంది. కొత్త ఇంజనులో గాలి, పెట్రోలు లోపలికి వచ్చే కవాటాలను సిలిండర్ల నెత్తిన పెట్టారు. దాంతో ఇంజను పొడుగైంది. ఇంజను పొడుగైతే మూత కూడా ఎత్తు పెంచాలి కదా!

నాలుగు చక్రాల బలం

మామూలు బండిలో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది. మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి. జీపులో కావలసినప్పుడు నాలుగింటినీ తిప్పవచ్చు. దానివల్ల లాభమేమిటి? చిన్న లెక్క వేద్దాం.

చక్రం నేలను వెనక్కి తోస్తేనే బండి ముందుకు పోతుంది. ఆ తోపుకు ఆధారం ఘర్షణ. ఘర్షణ ఎంత ఉంటుందన్నది రెండు విషయాలమీద ఆధారపడుతుంది: నేల ఎంత గరుకుగా ఉంది, చక్రం నేలను ఎంత బరువుతో నొక్కుతోంది. జీపు బరువు 1,000 కిలోలు అనుకుందాం. అందులో సగం, అంటే 500 కిలోలు, వెనక చక్రాల మీద ఉందనుకుందాం. తడి బురదలో ఘర్షణ ఆ బరువులో పదింట మూడు వంతులే అనుకోండి. అప్పుడు రెండు వెనక చక్రాలు కలిసి 150 కిలోల బలంతో మాత్రమే తోయగలవు. అంతకు మించితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుతుంది. నాలుగు చక్రాలూ తిరిగితే మొత్తం 1,000 కిలోలూ పనికొస్తాయి. తోపు 300 కిలోలవుతుంది.

ఇప్పుడు అయిదు మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే బురద గట్టు ఎక్కాలి. దానికి బండి బరువులో అయిదో వంతు, అంటే సుమారు 200 కిలోల బలం కావాలి. రెండు చక్రాల బండి ఎక్కలేదు. నాలుగు చక్రాల బండి ఎక్కుతుంది. ఇంజను అదే, పెట్రోలు అదే. బరువునంతా పనిలో పెట్టడమే కిటుకు.

తుప్పు అనే నెమ్మది మంట

సరే, పెరట్లోకి వద్దాం. పైనుంచి చూస్తే జీపు ఫరవాలేదనిపించింది. ఆకుపచ్చ రంగు అక్కడక్కడ పెచ్చులూడింది, అంతే. మావయ్య చిన్న సుత్తి ఒకటి మా అమ్మాయి చేతికిచ్చి, "ఛాసిస్ పొడుగునా మెల్లిగా కొడుతూ వెళ్లు. చెవితో చూడు" అన్నాడు. ఛాసిస్ అంటే బండికి వెన్నెముకలాంటి ఇనప చట్రం. (ఈసారి చెక్క దిమ్మలు ముందే పెట్టాం.)

ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని మోగుతూ వెళ్లింది. వెనక ఇరుసు దగ్గరకు వచ్చేసరికి 'బొద్'మంది. అక్కడ తారు పూసి, పైన రంగు వేసి ఉంది. మావయ్య స్క్రూడ్రైవరుతో గుచ్చాడు. అది అప్పడంలో దిగినట్టు దిగిపోయింది. రంగు కింద ఇనుము లేదు, తుప్పే ఉంది!

తుప్పు అంటే ఏమిటి? ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి తయారయ్యే ఎర్రటి పదార్థం. మూడూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. నీటిబొట్టు కింద ఇనుము చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒకచోట ఇనుము కరిగి ఎలక్ట్రానులను వదులుతుంది, మరోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. నీళ్లలో ఉప్పు ఉంటే విద్యుత్తు సులభంగా ప్రవహించి ఈ పని చురుకవుతుంది. అందుకే సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లలో కిటికీ చువ్వలు అంత తొందరగా పాడవుతాయి.

రాగి మీద పట్టే చిలుము పొరలా తుప్పు ఇనుమును అంటిపెట్టుకుని కాపాడదు. తుప్పు పరిమాణం దాన్ని పుట్టించిన ఇనుము పరిమాణానికి రెండింతలకు మించి ఉంటుంది. అంచేత ఉబ్బి, పొరలు పొరలుగా లేచి ఊడిపోతుంది. కింద ఉన్న కొత్త ఇనుము గాలికి బయటపడుతుంది. మళ్లీ అదే కథ. రంగు, తారు పైనుంచి కప్పుతాయేగాని లోపల చిక్కిన తడిని ఆపలేవు.

ఆ ముక్కను కోసి కొత్త ఉక్కు రేకు అతకడానికి వెల్డరును పిలిపించారు. అతను వచ్చీరాగానే పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టించాడు. "అది ఖాళీదే కదా" అంది మా అమ్మాయి. ఖాళీ ట్యాంకే మరీ ప్రమాదం! ద్రవ పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లనుంచి ఏడున్నర పాళ్లదాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ సరిగ్గా కలిసి కూర్చుని ఉంటాయి.

మొరాయించే నట్లు, సోడా తొట్టి

పదకొండేళ్ల నట్లు పానాకు లొంగుతాయా? బోల్టు మరకు, నట్టు మరకు నడుమ తుప్పు ఉబ్బి రెంటినీ బిగించేస్తుంది. బలమంతా పెట్టి తిప్పితే బోల్టు తెగుతుంది. మావయ్య పద్ధతి వేరు. సాయంత్రం ప్రతి నట్టు మీదా కిరసనాయిలు, పల్చటి నూనె కలిపి నాలుగు చుక్కలు వేసేవాడు. దీపపు వత్తిలోకి నూనె ఎగబాకినట్టే, ఇరుకు సందుల్లోకి ఈ నూనె తనంతట తాను పాకుతుంది. రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తిప్పితే సగం నట్లు వదిలాయి.

మిగతావాటికి వేడి వైద్యం. ఉక్కును 200 డిగ్రీలు వేడి చేస్తే 10 మిల్లీమీటర్ల నట్టు రంధ్రం మిల్లీమీటరులో నలభయ్యో వంతు విచ్చుకుంటుంది. అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు! అంత చాలు, తుప్పు పట్టు విడుతుంది. (నూనె తుడిచి ఆరనిచ్చాకే వేడి చెయ్యాలి.)

చిన్న భాగాలకు మరో చికిత్స జరిగింది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని తీగతో వేలాడదీశాడు. దాన్ని బ్యాటరీ చార్జరు రుణధ్రువానికి కలిపాడు. తొట్టి అంచున నిలబెట్టిన పాత ఇనప రేకును ధనధ్రువానికి కలిపాడు. మీట వెయ్యగానే వేలాడే భాగం చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. అది హైడ్రోజన్ వాయువు. కొన్ని గంటల్లో తుప్పు నల్లటి మెత్తటి బూడిదగా మారి, బ్రష్షుతో తోమితే ఊడి వచ్చింది. తుప్పు పట్టేటప్పుడు ఇనుము పోగొట్టుకున్న ఎలక్ట్రానులను విద్యుత్తు మళ్లీ తెచ్చి ఇస్తుందన్నమాట. హైడ్రోజన్ మండే వాయువు కనక ఈ పని ఆరుబయటే, పెద్దవాళ్లే చెయ్యాలి. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును ధనధ్రువానికి ఎప్పుడూ కట్టకూడదు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం లవణాలు దిగుతాయి.

బొడిపెలో రహస్యం

రెండో వారంలో వెనక ఇరుసు మధ్యనున్న గుండ్రటి బొడిపె మూత విప్పాం. నల్లటి చిక్కటి నూనె కారిపోయాక లోపల పళ్లచక్రాల గుంపు ఒకటి కనిపించింది. దీన్ని డిఫరెన్షియల్ అంటారు.

దీని అవసరమేమిటి? బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం పెద్ద చుట్టు తిరుగుతుంది, లోపలి చక్రం చిన్న చుట్టు తిరుగుతుంది. జీపు ఎడమ కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1.23 మీటర్లు. జీపు గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కన్నా 2 × 3.14 × 1.23, అంటే సుమారు 7.7 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. తమాషా చూడండి: చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు! రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే, ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోక తప్పదు. టైరు అరుగుతుంది, కడ్డీ మెలి పడుతుంది.

డిఫరెన్షియల్ ఈ చిక్కు విడదీస్తుంది. ఇంజను నుంచి వచ్చే పొడుగాటి కడ్డీ ఒక పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. దానికి బిగించిన పెట్టెలో చిన్న పళ్లచక్రాలు ఉంటాయి. వాటికి అటొకటి ఇటొకటి కుడి, ఎడమ చక్రాల ఇరుసులు తగులుకుని ఉంటాయి. నేరుగా పోయేటప్పుడు చిన్న చక్రాలు తమ చుట్టూ తాము తిరగవు, రెండు ఇరుసులూ సమానంగా తిరుగుతాయి. మలుపులో చిన్న చక్రాలు తమ చుట్టూ తాము తిరిగి, ఒక ఇరుసు ఎంత తగ్గితే రెండోది అంత పెరిగేటట్టు చూస్తాయి.

"అమ్మడూ, ఇప్పుడు చెప్పు. ఈ పెద్ద పళ్లచక్రాన్ని కదలకుండా పట్టుకుని, కుడి చక్రాన్ని ముందుకు తిప్పితే ఎడమ చక్రం ఏమవుతుంది?" అన్నాడు మావయ్య.

మా అమ్మాయి చేత్తో తిప్పి చూసింది. ఒక్కసారి ఆమె కళ్లు మెరిశాయి. "వెనక్కి తిరుగుతోంది తాతయ్యా! ఆ వేళ అలాగే తిరిగింది!"

ఇదీ రహస్యం. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు. వెనక ఇరుసుకు వెళ్లే పొడుగాటి కడ్డీని పట్టుకుంటుంది. రెండు చక్రాలూ నేలమీద ఉన్నంతసేపూ అది గట్టి బ్రేకే. కడ్డీ తిరగదు కనక, ఒక చక్రం ముందుకు తిరగాలంటే రెండోది వెనక్కి తిరగాలి. నేలమీద అది కుదరదు. అందుకే నలుగురం తోసినా జీపు కదల్లేదు. కాని నేను ఎడమ చక్రాన్ని గాల్లోకి లేపగానే దానికి స్వేచ్ఛ వచ్చింది. అది వెనక్కి తిరిగింది, కుడి చక్రం ముందుకు దొర్లింది. బ్రేకు పట్టు తప్పలేదు, అయినా బండి కదిలింది!

"అందుకే జాకీ తిప్పే ముందు నేలమీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. లేపాక ఛాసిస్ కింద స్టాండో, గట్టి దిమ్మలో పెట్టాలి. జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. ఇది నీకు కాదమ్మడూ, మీ నాన్నకు చెబుతున్నాను" అన్నాడు మావయ్య.

మనిషి నడక కన్నా మెల్లిగా

గేరుపెట్టె వెనకాల జీపుకు మరో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. డ్రైవరు పక్కనున్న రెండు చిన్న కడ్డీలు దానివే. ఒకటి లాగితే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది. రెండోది లాగితే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? మొదటి గేరులో వేగం 2.8 రెట్లు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో 2.46 రెట్లు, ఇరుసు దగ్గర 5.38 రెట్లు తగ్గుతుంది. మూడూ గుణిస్తే సుమారు 37. ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది! ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే చక్రం 27 చుట్లే. చక్రం చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు కనక, నిమిషానికి 62 మీటర్లు, గంటకు మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. మీరు జీపు పక్కన నడుస్తూ దాన్ని దాటిపోవచ్చు. కాని ఘర్షణలో పోయేది మినహాయిస్తే, చక్రం దగ్గర తిప్పే బలం అన్ని రెట్లూ పెరుగుతుంది.

నాలుగు చక్రాలనూ తారురోడ్డు మీద ఎప్పుడూ వాడవచ్చా? వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద చుట్టు తిరుగుతాయి. ఈ జీపులో ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు నడుమ డిఫరెన్షియల్ లేదు. బురదలో, ఇసుకలో టైరు కొంచెం జారి తేడాను సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు. కడ్డీలు, పళ్లచక్రాలు మెలి పడి బిగుసుకుంటాయి.

ఇంజను లేచింది, బ్రేకు కుంగింది

ఇంజను పట్టుకుపోయి ఉంది. సిలిండరు గోడకూ పిస్టను రింగులకూ నడుమ తుప్పు పట్టింది. స్పార్కు ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో నూనె పోసి, అయిదు రోజులు కదపలేదు. ఆరో రోజున ముందునుంచి హ్యాండిలు పెట్టి తిప్పితే 'కిర్రు'మని కదిలింది. కొత్త నూనె, కొత్త బ్యాటరీ, శుభ్రం చేసిన కార్బురేటరు పెట్టాక, మూడో వారం చివర్లో ఇంజను దగ్గి, తుమ్మి, లేచి కూర్చుంది. వీధి వీధంతా వచ్చి చూసింది. "ఇంకేం, బీచి రోడ్డు దాకా వెళ్లివద్దాం" అన్నాను నేను.

మావయ్య బ్రేకు పెడలు మీద కాలు వేసి, గట్టిగా నొక్కి, "గడియారం చూడమ్మడూ" అన్నాడు. మొదట పెడలు రాయిలా ఉంది. అర నిమిషం గడిచింది. కాలు మెల్లిగా, దాదాపు తెలియకుండా, కిందికి దిగుతోంది. నిమిషం పూర్తయ్యేసరికి పెడలు నేలకు తగిలింది.

బ్రేకులో ఉన్నది పాస్కల్ సూత్రం. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. కాలి నొక్కుడు గొట్టాల్లోని ద్రవం ద్వారా నాలుగు చక్రాలకూ చేరి, బ్రేకు దిమ్మలను డ్రమ్ముకు అదుముతుంది. కాని మూసి ఉండాలి! ఈ పాత జీపులో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టాల దారి. ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగింటి బ్రేకూ పోయినట్టే. ఈనాటి బళ్లలో రెండు వేరువేరు దారులు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది.

ఎక్కడ కారుతోంది? నేలమీద చుక్క కూడా లేదు. డ్రమ్ములు ఒక్కొక్కటే విప్పాం. ముందు కుడి డ్రమ్ములో తడి కనిపించింది. అక్కడి చిన్న సిలిండరు లోపలి గోడకు తుప్పు గుంటలు పడ్డాయి. లోపల ద్రవమే కదా, నీళ్లెక్కడివి? బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి ఉంచితే ఆ తేమే తుప్పు పట్టిస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డాట్-3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకూ మరగకూడదని నియమం. తేమ పట్టాక అది 140 డిగ్రీలకే మరగవచ్చు. ఘాటు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ద్రవం మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. ఆవిరి నొక్కితే అణుగుతుంది. పీడనం చక్రాలకు చేరదు.

నాలుగు సిలిండర్లూ, గొట్టాలూ, ద్రవమూ అన్నీ మార్చాం. ఎనిమిది రోజులు పట్టింది. పాత బ్రేకు దిమ్మల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చాలా చెరుపు. అందుకని మావయ్య ధూళిని ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తుడిపించాడు. మళ్లీ పెడలు పరీక్ష చేశాం. ఈసారి అయిదు నిమిషాలైనా పెడలు వెంట్రుకవాసి దిగలేదు.

రంగు అన్నిటికన్నా చివర వేశాం. తుప్పంతా గీకి, జింకు కలిసిన పూత ఒకటి వేసి, దానిపైన ఆకుపచ్చ రంగు. జింకుకు ఇనుము కన్నా తొందరగా ఎలక్ట్రానులు వదిలే గుణం ఉంది. గీత పడి తడి చేరినా ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది.

రిజిస్ట్రేషను కాగితాలు తిరిగి రాయించుకున్నాక, ఒక ఆదివారం పొద్దున్న మావయ్య జీపును బీచి రోడ్డు మీదికి తీశాడు. లైట్‌హౌసు దగ్గర వాలులో ఆపి హ్యాండ్ బ్రేకు లాగాడు. మేమింకా దిగుతుండగానే మా అమ్మాయి వెళ్లి రెండు రాళ్లు తెచ్చి ముందు చక్రాలకు అడ్డం పెట్టింది. ఎవరూ చెప్పలేదు.

మీరూ చేసి చూడండి

1. ఒక గుండ్రటి డబ్బా మూత అంచుకు పాత సైకిలు ట్యూబు ముక్క తొడగండి. మూతను బల్లమీద పెట్టి, దానికి అటూ ఇటూ తగిలేట్టు రెండు స్కేళ్లు పెట్టండి. మూత మధ్యలో వేలితో నొక్కి, అది తిరగగలిగేటట్టు, జరగకుండా ఉంచి, ఒక స్కేలును ముందుకు తొయ్యండి. రెండోది ఎటు పోతుంది? తరవాత మూతను వేలితోనే ముందుకు జరపండి. ఇప్పుడు స్కేళ్లు ఎటు పోతాయి?

2. మూడు గాజు సీసాల్లో తలా రెండు కొత్త ఇనప మేకులు వెయ్యండి. ఒకదానిలో మామూలు నీళ్లు సగం మునిగేలా పోయండి. రెండోదానిలో అంతే ఉప్పునీళ్లు పోయండి. మూడోదానిలో, పెద్దవాళ్ల సాయంతో కాచి చల్లార్చిన నీళ్లు మేకులు మునిగేలా పోసి, పైన నూనె పొర ఉంచండి. వారం రోజులు రోజూ చూసి రాసుకోండి.

3. తుప్పు పట్టిన మేకును చిక్కటి చింతపండు రసంలో ఒక రోజు ఉంచి తోమి చూడండి. ఇంట్లో ఇత్తడి బిందెలు దేనితో తోముతారో గుర్తు తెచ్చుకోండి.

ఆలోచించండి

1. మా జీపు ముందు చక్రాలకు కూడా బలం అందేలా కడ్డీ లాగి ఉంచి ఉంటే, ఆ రోజు అది దొర్లేదా?

2. నాలుగు చక్రాల బలం ఉన్న జీపులో ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం పూర్తిగా బురదలో దిగిపోయాయి. మిగతా రెండూ గట్టి నేలమీద ఉన్నాయి. జీపు బయటికి వస్తుందా? డిఫరెన్షియల్ బొమ్మ గీసుకుని ఆలోచించండి.

3. బ్రేకు పెడలు నొక్కిన వెంటనే గట్టిగా ఉంటే చాలు, బ్రేకు బాగున్నట్టే అంటే మీరు ఏమంటారు?